మామ్మ వడ్లకి మేం రాసిన చీటీ

మా సైన్సు మాస్టారు మా ఊరి హైస్కూలుకి బదిలీ అయి వచ్చిన ఏడాది నేను తొమ్మిదో తరగతి. తొంభైల నడిమి మాట. రామచంద్రపురం నుంచి కాలవగట్టు మీద సైకిలు తొక్కుకుంటూ వస్తే ముప్పావుగంటలో మా ఊరు వస్తుంది. ఆయన రాజమండ్రిలో పుట్టి పెరిగిన మనిషి. చదివింది భౌతికశాస్త్రం. వరిచేలో దిగితే కాలు ఎక్కడ పెట్టాలో తెలిసేది కాదు, గట్టు మీద కూడా జారిపడేవారు. కానీ పాఠం నాలుగు గోడల మధ్య చెప్పడమంటే ఆయనకి ఒంటికి సరిపడేది కాదు.

వచ్చిన నెలకే మమ్మల్ని గుంపులు గుంపులుగా విడదీసి ఊరి మీదికి తోలారు. ఈ ఊళ్ళో ఎవరికి ఏ ఇబ్బంది ఉందో కనుక్కుని రండి, ఈ ఏడాదికి అదే మీ ప్రయోగం అన్నారు. ఒక గుంపు ఆసుపత్రి కాంపౌండరు దగ్గర చేరి, ఏ వీధిలో జ్వరాలు ఎక్కువో పటం గీసింది. ఇంకో గుంపు పోస్టాఫీసు అరుగు మీద కూర్చుని పెద్దవాళ్ళకి ఫారాలు నింపిపెట్టింది. మాస్టారికి జీతం ఎక్కువై పని తక్కువైందని అరుగుల మీద మగాళ్ళు నవ్వుకున్నారు. నవ్వినవాళ్ళే మర్నాడు ఫారం పట్టుకుని వచ్చారు.

మా గుంపులో ముగ్గురం, ముగ్గురమూ రైతుల పిల్లలమే. మాకు విత్తనాలు పడ్డాయి. నారుమళ్ళు పోసుకునే ముందు రైతులు గుప్పెడు వడ్లు తెచ్చి మాకిస్తారు. మేం అందులోంచి వంద గింజలు లెక్కపెట్టి, స్టీలు పళ్ళెంలో తడి అద్దుడు కాయితం పరిచి, దాని మీద వరసగా పేర్చి, పైన తడిగుడ్డ కప్పి, పొద్దునా సాయంత్రం నీళ్ళు చిలకరిస్తాం. ఎనిమిదో రోజున ఎన్ని మొలిచాయో చూసి చీటీ రాసిస్తాం. చీటీలకి పాత పెళ్ళి శుభలేఖలు కత్తిరించుకునేవాళ్ళం. ముందువైపు బంగారు రంగు వినాయకుడు, వెనకవైపు మా మొలక లెక్క.

ఆ చీటీలో చివరి వాక్యం నాది. మాస్టారు మొదట అంకె ఒక్కటే రాయమన్నారు. లెక్క మనది, నిర్ణయం రైతుది అన్నారు. నాకు చిన్నప్పటినుంచీ నోరెక్కువ. పిట్ట కొంచెం కూత ఘనం అని మా నాన్న ఇంటికొచ్చిన ప్రతివాళ్ళ ముందూ నన్ను ఆటపట్టించేవాడు. నేను ఊరుకోలేదు. అంకె ఇస్తే ఎవరికర్థమవుతుంది సార్, పనికొస్తుందో పనికిరాదో చెప్పాలిగానీ అన్నాను. రెండు రోజులు వాదించాను. ఆయన మెత్తని మనిషి, చివరికి సరేనన్నారు. ఆ రోజు నుంచి ప్రతి చీటీ అడుగునా నా చేతిరాతతో, 'విత్తనానికి పనికొస్తుంది' అనో 'పనికిరాదు' అనో ఉండేది.

దాళవా, అంటే రెండో పంట, నారుమళ్ళ వేళకి మా చీటీకి పేరొచ్చేసింది. ఒకాయన కొట్లో కొన్న విత్తనం బస్తాలోంచి గుప్పెడు తెచ్చిస్తే ముప్పై కూడా మొలవలేదు. ఆయన మా చీటీ జేబులో పెట్టుకుని వెళ్ళి బస్తా కొట్టు ముందు దింపాడు. కొట్టాయన మారుమాట్లాడకుండా వేరే బస్తా ఇచ్చాడు. ఇక చూడండి నా నడక. నన్ను 'చీటీ అమ్మాయి' అనేవాళ్ళు. ఆ పేరు వింటే నేలకి జానెడెత్తున నడిచేదాన్ని. మేం అంతవరకూ చూసిన వడ్లన్నీ కొట్టు బస్తాల్లోవో, కిందటి పంటవో. కళ్ళంలోంచి అప్పుడే వచ్చిన కొత్త వడ్లు ఒక్కటీ మా పళ్ళెంలోకి రాలేదు. అదొక తేడా అని కూడా మాకు తెలియదు. మా పుస్తకంలో లేదు, మాస్టారి పుస్తకంలోనూ లేదు.

మా ఇంటికి రెండిళ్ళవతల మామ్మ ఉండేది. నాకు బంధువేం కాదు, వీధివీధంతా ఆమెని మామ్మ అనే పిలిచేది. పట్టిసీమకి ఎగువన గోదావరి ఒడ్డు పల్లెలో పుట్టింది. కాపరానికి వచ్చేటప్పుడు కొంగున కట్టుకొచ్చిన వడ్లు ఈ ఊళ్ళో చల్లించిందట. వాటికేదో పేరుండే ఉంటుంది, ఆమెకీ గుర్తులేదు. ఊళ్ళో అందరూ వాటిని 'మామ్మ వడ్లు' అనేవాళ్ళు. నల్లటి పొట్టు, లావు గింజ, కొసన చిన్న ముల్లు. అన్నం ఎర్రగా, ముద్దగా ఉంటుంది. మిల్లువాళ్ళు ఆ వడ్లు చూస్తే ముఖం చిట్లించేవాళ్ళు.

కానీ ఆమె కొడుకు కౌలుకి చేసే రెండెకరాలకీ ఆ వడ్లే దిక్కు. ఆ చేను మురుగుకాలవ పక్కన పల్లంలో ఉండేది. ఆశ్వయుజం వానలకి మురుగు ఎదురుతన్ని చేను నాలుగైదు రోజులు మునిగిపోయేది. ఏ రకం వేసినా కుళ్ళిపోవాల్సిందే. మామ్మ వడ్లు మాత్రం నీళ్ళతో పాటు పైకి లేచి, నీళ్ళు తీశాక నడుం వాల్చి, మళ్ళీ మోకాళ్ళ మీద లేచి నిలబడేవి. ఆ రకం ఒకప్పుడు పల్లం రైతులందరి దగ్గరా ఉండేదట. నేను చూసేనాటికి ఆ ఒక్క చేలోనే ఉండేది.

కొడుక్కి ఆ వడ్లంటే విసుగు. అతను చెడ్డవాడు కాదు. పక్క చేలల్లో పొట్టి రకాలు విరగపండుతుంటే తన చేలో అందులో సగం పండితే ఎవరికైనా మనసు పీకుతుంది కదా. ఈసారి మురుగుకాలవ తవ్విస్తారట, ఇక చేను మునగదు, కొత్త విత్తనం వేద్దాం అని తల్లితో పోరు. ఆమె ససేమిరా అనేది. చివరికి అతనే, సరే, స్కూలు పిల్లలు ఏం చెబితే అదే చేద్దాం, మీ అమ్మాయే కదా రాసేది అన్నాడట. మీ అమ్మాయి అంటే నేను. మామ్మకి వాళ్ళ ఊరినుంచి వచ్చే ఉత్తరాలు చదివిపెట్టేది నేనే. జవాబులు రాసేదీ నేనే. ఆమె ఒప్పుకుంది.

ఇంగ్లీషు కొత్త సంవత్సరం వెళ్ళిన వారానికి ఆమె స్వయంగా స్కూలుకి వచ్చింది. నూర్పులు అప్పుడే అయ్యాయి. విత్తనాన్ని గడ్డివెంటితో చుట్టిన పురిలో పోసి, పైన పేడతో అలికి, పెరట్లో ఎత్తుగా నిలబెట్టి వచ్చింది. ఒక గుప్పెడు మాత్రం బయట ఉంచి, కొంగు ముడి విప్పి నా దోసిట్లో పోసింది.

"ఇప్పుడు లెగవ్వే తల్లీ ఇవి. పడుకునుంటాయి. ఏరువాకకి వాటంతటవే లెగుస్తాయి. ఈలోగా లేపకూడదు" అంది.

ముగ్గురం మొహాలు చూసుకుని నవ్వుకున్నాం. "విత్తనానికి కేలండరు తెలుస్తుందా మామ్మా?" అన్నాను నేను. మామ్మ కూడా నవ్వేసింది. మూఢనమ్మకాలని రాసుకోవడానికి మాకో పుస్తకం ఉండేది. ఆ సాయంత్రం ఆ మాట అందులో రాసుకున్నాను, అంకె వేసి మరీ.

ఎనిమిదో రోజున నాలుగు మొలిచాయి. మాస్టారు ఇంకో రెండు రోజులు ఆగుదామన్నారు. పదో రోజునా నాలుగే. ఆయన చాలాసేపు పళ్ళెం వైపు చూసి, ఈ ఒక్కదానికీ అంకె రాసి ఊరుకుందాం, ఆ చివరి వాక్యం వద్దు, ఏదో సరిగా లేదనిపిస్తోంది అన్నారు. ఏదో అంటే ఏంటి సార్ అని అడిగాను. మామ్మకని వేరే రూలా, అలాగైతే మన చీటీకి విలువేముంటుంది అని నిలదీశాను. ఆయన కలం మూత పెట్టేసుకున్నారు. నేను రాశాను: 'మొలక శాతం 4. విత్తనానికి పనికిరాదు.'

చీటీ నేనే తీసుకెళ్ళి వాళ్ళ వాకిట్లో నిలబడి గట్టిగా చదివాను. పక్కింటివాళ్ళు కూడా వినాలనే అలా చదివానేమో. మామ్మకి చదువు రాదు. చీటీ తిరగేసి వినాయకుడి బొమ్మ చూసి, కళ్ళకద్దుకుంది. వాదిస్తుందనుకున్నాను. నా దగ్గర జవాబులు సిద్ధంగా ఉన్నాయి కూడా.

"చదువుకున్నోళ్ళు మీరు చెబితే కాదంటానా తల్లీ" అని లోపలికి వెళ్ళిపోయింది. కొడుకు కూడా గెలిచినట్టేం లేడు. తల వంచుకుని గడ్డి దులుపుకుంటున్నాడు. అప్పటికే వాళ్ళకి కౌలు గింజలు కళ్ళంలోనే కొలవడం అయిపోయింది. తిండికి మిగుల్చుకున్నవి మాఘమాసం దాటి వచ్చేవి కావు. ఇంట్లో ఉండేది ఆ పురిలో విత్తనం ఒక్కటే.

ఇంతలో మా ప్రయోగాన్ని కాకినాడ ఎగ్జిబిషనుకి ఎంపిక చేశారు. ఊరితో కలిసి చేసిన పని అని పెద్ద పెద్ద చార్టులు రాశాం. పక్కనే రెండు పళ్ళేలు పెట్టాలని నా ఆలోచన. ఒకదాంట్లో మంచి విత్తనం, పచ్చగా మొలిచినది. రెండోదాంట్లో చెడ్డ విత్తనం, అంటే మామ్మ వడ్లు, బోసిగా. అందుకని మామ్మ పళ్ళేన్ని పారెయ్యకుండా లాబు కిటికీలో ఉంచి, ఫిబ్రవరి దాకా రోజూ తడుపుతూ వచ్చాను.

ఎగ్జిబిషన్ ఇంకా నాలుగు రోజులుందనగా, పొద్దున్నే వెళ్ళి గుడ్డ తీసి చూస్తే పళ్ళెం నిండా మొలకలు. నాలుగు కాదు, నలభై కాదు. తెల్లటి ముక్కులు పైకి పెట్టుకుని దాదాపు అన్నీ లేచాయి. వేళ్ళు అద్దుడు కాయితంలోకి దిగిపోయాయి.

లాబులో ఎవరూ లేరు. ఆ క్షణంలో పురి సంగతి నాకు గుర్తు రాలేదని రాస్తే బాగుండును. గుర్తొచ్చింది. మామ్మ మాట గుర్తొచ్చింది, నా చీటీ గుర్తొచ్చింది. మాస్టారు వద్దన్న వాక్యం గుర్తొచ్చింది. నాలుగు రోజులే కదా, ఎగ్జిబిషనయ్యాక చెబుదాం, పురి ఎక్కడికి పోతుంది అనుకున్నాను. పళ్ళెం తీసుకెళ్ళి లాబు వెనకాల బోదెలో, ఆ పిల్లకాలవలో, బోర్లించేశాను. పొలాలకి నీళ్ళు పోతున్న రోజులవి. మొలకలు కాయితంతో సహా తేలుతూ వెళ్ళిపోయాయి.

బోసి పళ్ళెం చూపించాలి కదా. మామ్మ ఇచ్చిన గుప్పెట్లో మిగిలిన వడ్లు పొట్లంలో ఉన్నాయి. అవి ఇంటికి తీసుకెళ్ళి, అమ్మ పెరట్లో ఉండగా వేణ్నీళ్ళలో వేసి ఉడకబెట్టాను. ఇక చచ్చినా మొలవ్వు. వాటిలోంచి వంద ఏరి పళ్ళెంలో పేర్చాను. మిగిలినవి కోళ్ళకి చల్లాను. ఆ పని చేస్తుంటే నాకు భయం వేసింది గానీ బాధ కలగలేదు. అది ఒప్పుకోవడానికి ఇప్పటికీ మనసు రాదు.

కాకినాడలో మా బల్ల దగ్గరికి ఒక వ్యవసాయాధికారి వచ్చాడు. న్యాయనిర్ణేతల్లో ఒకాయన. చార్టంతా ఓపిగ్గా చదివాడు. ఈ వడ్లు ఎప్పుడు కోశారని అడిగాడు. డిసెంబరులో అన్నాను. పరీక్ష ఎప్పుడు పెట్టారంటే జనవరి మొదట్లో అన్నాను. ఆయన మాస్టారిని పక్కకి పిలిచి నెమ్మదిగా చెప్పాడు గానీ నాకు వినబడింది.

"కొత్త వడ్లు కదా మాస్టారూ. కొన్ని పాత రకాలకి నిద్ర ఉంటుందండి. కోసిన రెండు మూడు నెలల దాకా మొలవ్వు. విత్తనం చచ్చిపోయినట్టు కాదు."

ఆయన వెళ్ళబోతూ మళ్ళీ పళ్ళెం వైపు చూసి, ఈపాటికి కొన్నైనా మొలిచి ఉండాలే అని తనలో తను అనుకున్నాడు. మాస్టారు బహుమతులు చెప్పేదాకా కూడా ఆగలేదు, చార్టులు చుట్టించి మమ్మల్ని బస్సెక్కించేశారు. మాకేమైనా వచ్చిందో లేదో ఇప్పటికీ తెలియదు. ఆ పళ్ళెం మూతపెట్టిన డబ్బాలో నా ఒళ్ళోనే ఉంది.

పొద్దుగూకే వేళకి ఊళ్ళో దిగాం. ఆయన ఇంటికి కూడా వెళ్ళకుండా తిన్నగా మామ్మ వాళ్ళింటికి నడిచారు. నేను వెనకాలే. పెరట్లో పురి ఉండే చోట నేల మీద గుండ్రటి మచ్చ ఒక్కటే ఉంది. మొన్న మిల్లు బండి వస్తే వేసేశానండి అన్నాడు కొడుకు. మొన్న అంటే నేను మొలకలు చూసిన మూడో రోజు. మాస్టారు విషయం చెప్పగానే కొడుకు సైకిలు తీశాడు, ఆయన వెనక కూర్చున్నారు, ఇద్దరూ మిల్లుకి పరుగెత్తారు. గంటలో తిరిగి వచ్చారు. ఊళ్ళో వడ్లన్నింటితో కలిపి ఆ మధ్యాహ్నమే ఆడించేశారట. మాస్టారి చొక్కా నిండా ఊక.

మామ్మ గుమ్మంలో కూర్చుని ఉంది. ఆయన ఆమె ముందు నిలబడి, "తప్పు పిల్లలది కాదమ్మా, నాది. తెలియని సంగతి తెలిసినట్టు చెప్పాను" అన్నారు. మాస్టారు అలా నిలబడడం నేనెప్పుడూ చూడలేదు. ఊళ్ళో పెద్దవాళ్ళ ముందు మేం నిలబడ్డట్టు నిలబడ్డారు.

ఆమె ఒక్కసారిగా ఏదో తట్టినట్టు తలెత్తింది.

"పోనీ ఆ పళ్ళెంలోవి ఉన్నాయి కదండి? రోజూ తడుపుతున్నారంట కదా. ఈపాటికి లెగుస్తాయండి. పాతిక మొక్కలుంటే చాలు, విత్తనం మళ్ళీ చేసేస్తాను."

మాస్టారు చప్పున నా వైపు తిరిగారు. ఆ చూపులో ఎంత ఆశ ఉందో చెప్పలేను. పొట్లంలో మిగిలినవి కూడా ఉంటాయి కదమ్మా అన్నారు. ఎలకలు తినేశాయి సార్ అన్నాను. ఆ అబద్ధం ఎక్కణ్ణుంచి వచ్చిందో అంత తొందరగా వచ్చింది. తర్వాత డబ్బా మూత తీసి పళ్ళెం ఆమె ముందు పెట్టాను. ఇక పెట్టకుండా ఉండడానికి దారేదీ కనబడలేదు.

మామ్మ ఒక గింజ తీసింది. గోటితో నొక్కింది. ఇంకోటి తీసి నొక్కింది. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచీ వడ్లు ఉడకబెట్టి, ఎండబెట్టి, దంచిన చెయ్యి అది. ఉడికిన గింజేదో కుళ్ళిన గింజేదో చీకట్లో కూడా చెప్పగలదు. మూడో గింజ తియ్యలేదు. తల ఎత్తి నా మొహంలోకి చూసింది. ఇప్పుడు చెప్పేస్తుంది, మాస్టారికి తెలిసిపోతుంది, రేపు స్కూలంతా తెలిసిపోతుంది అనుకున్నాను.

ఆమె పళ్ళెం పక్కకి జరిపింది.

"కుళ్ళిపోయాయండి మాస్టారూ" అంది.

ఆ రాత్రి ఆమె వంటింట్లో కుండ అడుగున మిగిలిన బియ్యమంతా చేటలో పోసుకుని, పొట్టు ఊడని వడ్లగింజల కోసం ఏరిందట. ఏడు దొరికాయి. మిల్లులో నలిగినవేమో, ఒక్కటీ మొలవలేదు. ఈ సంగతి వాళ్ళ కోడలు మా అమ్మతో చెబుతుంటే విన్నాను. అమ్మ, పాపం ముసలామె పిచ్చిగానీ అంది. నేను అన్నం ముందునుంచి లేచి వెళ్ళిపోయాను. అమ్మ నాకు జ్వరమేమోనని నుదురు పట్టుకుని చూసింది.

మాస్టారు మర్నాడు ప్రార్థనలో అందరి ముందూ నిలబడి తప్పు తనదని చెప్పారు. ఆ తర్వాత ఏడాదంతా నోట్సు చెప్పారు, మేం రాసుకున్నాం. పదో తరగతిలో మా మార్కులు బాగానే వచ్చాయి. ఆసుపత్రి పటం గోడమీదే పాతబడిపోయింది. పోస్టాఫీసు అరుగు మీదికి మళ్ళీ పిల్లలెవరూ వెళ్ళలేదు. ఊరు అలాంటి మాస్టారిని మళ్ళీ చూడలేదని ఇప్పుడు అందరూ అంటుంటారు. ఆయన ఎందుకు అలా అయిపోయారో నాకొక్కదానికే తెలుసు.

చాలా ఏళ్ళ తర్వాత, రెండువేలు దాటాక, రాజమండ్రిలో గోదావరి స్టేషన్ దగ్గర ఆయన కనబడ్డారు. జుట్టంతా తెల్లబడింది. నేనప్పటికి బ్యాంకులో పని చేస్తున్నాను. టీ తాగుదాం రమ్మన్నారు. నాతో చదివిన పిల్లల గురించి అడిగారు, ఊరి గురించి అడిగారు. చివరికి ఆయనే ఆ మాటెత్తారు. ఆ పళ్ళెంలోవైనా కుళ్ళకుండా ఉంటే ఎంత బాగుండేదమ్మా, ఇప్పటికీ అనుకుంటూ ఉంటాను అన్నారు. చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. నాకు నోరెక్కువని చెప్పాను కదా. ఆ రోజు గంటసేపు మాట్లాడాను, ఆ ఒక్కటి తప్ప. ఆయన నన్ను బస్సెక్కించి, బస్సు కదిలేదాకా కింద నిలబడ్డారు.

చేను సంగతి కూడా చెప్పాలి. ఆ ఏడాది కొడుకు పొట్టి రకం వేశాడు. మురుగుకాలవ ఎవరూ తవ్వలేదు. ఆశ్వయుజంలో నీళ్ళు వచ్చి ఆరు రోజులున్నాయి. తీశాక చూస్తే చేను బురద రంగులో పడుకుని ఉంది, ఇక లేవలేదు. తర్వాతేడూ అంతే. అతను కౌలు వదిలేసి కుటుంబంతో పోలవరం వైపు పనులకి వెళ్ళిపోయాడు. ఆ పల్లం ఇప్పుడు చేపల చెరువు. మామ్మ వాళ్ళతో వెళ్ళిన మూడో ఏడు పోయిందని ఉత్తరం వచ్చింది. వాళ్ళ ఉత్తరాలు చదివిపెట్టడం అలవాటు కాబట్టి, అది కూడా వీధిలో వాళ్ళందరికీ నేనే చదివి వినిపించాను.

వాళ్ళు వెళ్ళకముందు, పళ్ళెం విషయం జరిగిన ఆ వేసవిలోనే, ఇంకొకటి జరిగింది. అది ఎవరికీ చెప్పలేదు.

దాళవా కోతలయ్యాక కాలవలు కట్టేస్తారు. బోదెలన్నీ ఎండిపోతాయి, అక్కడక్కడా మడుగుల్లో బురద మిగులుతుంది. మాకు సెలవులు. ఒకరోజు పదిన్నర వేళ మామ్మ మా వాకిట్లోకి వచ్చింది. చింతపండు ఒలుస్తున్న నా పక్కన చతికిలబడింది. లోపలున్న అమ్మకి వినబడకుండా, నెమ్మదిగా అడిగింది.

"మొలిచినవి ఎక్కడ పారబోశావు తల్లీ?"

కోపం లేదు ఆ గొంతులో. పోయిన చెంబు ఎక్కడ పెట్టావని అడిగినట్టు అడిగింది. మొలిచాయని ఆమెకి ఎలా తెలిసిందని నేనడగలేదు. ఉడకబెట్టాల్సిన అవసరం ఎందుకు వస్తుందో ఆలోచిస్తే తెలియదా. లాబు వెనక బోదెలో అని చెప్పాను. నా గొంతు నాకే వినబడలేదు. ఆమెకి వినబడింది.

"నీళ్ళున్నప్పుడేనా?"

"అవును మామ్మా."

"అయితే ఎక్కడో ఒడ్డుకి తగులుకునే ఉంటాయి. ఒక్క దుబ్బు దొరికినా చాలు" అని లేచింది.

నేనూ వెనకాల వెళ్ళాను. లాబు వెనకనుంచి మొదలుపెట్టి, ఎండిన బోదెలో దిగి, రెండు గట్లూ చూసుకుంటూ నడిచింది. గడ్డి దుబ్బు కనబడిన ప్రతిచోటా వంగి, చేత్తో విడదీసి చూసేది. తూముల దగ్గర చెత్త పేరుకున్న చోట మోకాళ్ళ మీద కూర్చుని కెలికేది. బాతులు తిరిగే బోదె అది, మేకలు మేసే గట్టు. మూడు నెలలైంది. నాకు తెలుస్తూనే ఉంది. ఆమెకి తెలియదా.

రెండో తూము దగ్గర, బురద ఆరని చోట పచ్చగా ఒక దుబ్బు ఉంది. ఆమె దాన్ని వేళ్ళతో సహా పెకిలించి, బురద కారుతుండగా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నాకు కళ్ళు సరిగ్గా ఆనడం లేదు. చూసి చెప్పు, ఇది వరేనా?"

రైతింటి పిల్లని, చూడగానే తెలిసింది. అది ఊద, చేలల్లో కలుపు. చూడ్డానికి వరిలాగే ఉంటుంది గానీ కాదు. వరే మామ్మా అనాలని నోటిదాకా వచ్చింది. ఆ ఒక్క క్షణమైనా ఆమె మొహం ఎలా ఉంటుందో చూడాలనిపించింది. ఊద మామ్మా అన్నాను.

"నాకూ అలాగే అనిపించింది. చదువుకున్నదానివి, అడుగుదామని" అంది.

దుబ్బు పారేసి, చేతులు కొంగుకి తుడుచుకుని, మూడో తూము వైపు నడవడం మొదలుపెట్టింది. అప్పటికి పన్నెండయింది. ఎండ మండిపోతోందని నేను ఇంటికి వచ్చేశాను.